పేరడీ కట్టే ముందు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

మీ వీధి నీళ్ల కష్టం మీద నువ్వు రాసిన పాట చదివాను. బిందె నిండకముందే బిల్లు గడప తొక్కిందన్న పాదం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. కానీ దాన్ని కొత్త సినిమా పాట వరసలో, ఆ సినిమా ట్రాక్ మీదే పాడి యూట్యూబులో పెడతానన్నావు. ఆ పని మాత్రం చెయ్యకు.

వాక్ స్వాతంత్ర్యం ఉంది కదా అన్నావు. ఉంది. మున్సిపాలిటీని నిలదీసే నీ హక్కుకు రాజ్యాంగంలోని 19(1)(ఎ) అధికరణం అండ. వరస ఎవరిదన్నది వేరే తగాదా, అది 1957 నాటి కాపీరైట్ చట్టం కిందికి వస్తుంది. సినిమా పాటలో సాహిత్యానికి, వరసకు, రికార్డింగుకు వేర్వేరు హక్కులుంటాయి. నువ్వు మార్చింది సాహిత్యాన్నే.

చట్టంలోని 52వ సెక్షన్ విమర్శ కోసం న్యాయంగా వాడుకోనిస్తుంది కానీ, పేరడీ అన్న మాట అందులో లేదు. 1996లో కేరళ హైకోర్టు ముందుకు వచ్చిన సివిక్ చంద్రన్ కేసు చదువు. మలయాళ నాటకకర్త తోప్పిల్ భాసి నాటకంలోని పాత్రలను, సంభాషణలను తీసుకుని, ఆ నాటకాన్నే విమర్శిస్తూ చంద్రన్ మరో నాటకం రాశారు. ఎంత తీసుకున్నారు, ఎందుకు తీసుకున్నారు, మూలానికి అది పోటీ అవుతుందా అని చూసి, కోర్టు ఆయన పక్షాన నిలిచింది. అమెరికా సుప్రీంకోర్టు కూడా 1994లో టూ లైవ్ క్రూ అనే ర్యాప్ పాటల బృందం కేసులో ఇంచుమించు ఇదే చెప్పింది: మూలాన్నే వెక్కిరించేవాడు మూలం నుంచి కొంత తీసుకోక తప్పదు, మరొకరిని వెక్కిరించడానికి అరువు తెచ్చుకుంటే మాత్రం కారణం చూపాలి. నీ కోపం నీళ్ల మీద. ఆ సినిమా పాట నీకు చేసిన అపకారం ఏమీ లేదు.

సారా వ్యతిరేక ఉద్యమం రోజుల్లో మా బృందం ఒక క్యాసెట్ తెచ్చింది. మాటలు మావి, వరసలు సినిమావి. ఒక ఆడియో కంపెనీ నుంచి నోటీసు వచ్చింది. ఆడవాళ్లు ఊరూరా పాడుకోవలసిన పాటలు మా అటక మీద చెక్కపెట్టెలో ఉండిపోయాయి. ఆ బాధ నాకు ఇప్పటికీ తగ్గలేదు.

అందుకే జానపద వరస వెతుక్కో. పాత వరసే అయినా ఎవరో చేయించిన రికార్డింగు వాడకు, మీ పిల్లలతోనే డప్పు కొట్టించు. లేదా గురజాడ ముత్యాల సరం పట్టుకో. ఛందస్సుకు యజమాని ఉండడు. నీ పాదాన్ని మూడు, నాలుగు మాత్రల (అక్షరాలు పలికే కాలపు కొలతల) నడకలో పెట్టి చూశాను:

బిందె నిండక ముందె బిల్లూ
ఇంటి గడపను తొక్కెనయ్యా

చేత్తో తాళం వేసుకుని చూడు, పాదానికి 14 మాత్రలు సరిపోతాయి. ఎప్పుడైనా ఆ సినిమా పాటనే ఆటపట్టించాలనిపిస్తే అప్పుడు పేరడీ రాయి. జరుక్ శాస్త్రి గారు తన కాలపు కవుల కవితలకు రాసినట్టు, చురక మూలానికే తగలాలి.

మూడో పాదం, పొట్టిగా ఉండే నాలుగోది నువ్వే కట్టి ఆదివారంలోగా పంపు.

మీ మామయ్య