అరకు ఘాటీ, అంబాసిడర్, డిస్క్ బ్రేకులు

ప్రశ్న: మాది 1984 అంబాసిడర్ మార్క్ 4, డీజిల్. అరకు నుంచి ఎస్.కోట వైపు ఘాటీ దిగుతుంటే సగం దారిలోనే పెడల్ లోతుకి పోతోంది. చల్లారితే మళ్లీ మామూలే. ముందు చక్రాలకి డిస్కులు వేయిద్దామనుకుంటున్నాం. ఏమేం మార్చాలి?
– ఓ పాఠకుడు, విజయనగరం

జవాబు: వేయించండి. ఇప్పుడున్నవి డ్రమ్ము బ్రేకులు. వేడికి డ్రమ్ము సాగి, లోపలి నుంచి దానికి ఒత్తుకునే షూకి దూరమవుతోంది, షూ మీది లైనింగు పట్టు తగ్గుతోంది. డిస్కు గాలికి తొందరగా చల్లారుతుంది. వేడికి ఉబ్బినా ప్యాడ్ల వైపే ఉబ్బుతుంది.

అయితే డిస్కులు, వాటిని ప్యాడ్లతో నొక్కి పట్టే కాలిపర్లు మాత్రమే బిగించి వదిలేస్తే పెడల్ రాయిలా ఉంటుంది, బండి ఆగదు. డ్రమ్ములో తిరిగే చక్రమే షూని లాక్కుని మన కాలికి సాయపడుతుంది. డిస్కులో ఆ సాయం ఉండదు కాబట్టి వాక్యూమ్‌తో (గాలి లాగేసిన శూన్యంతో) కాలి ఒత్తిడిని పెంచే వాక్యూమ్ బూస్టర్ తప్పదు. మీది డీజిల్ కావడంతో ఇక్కడ జాగ్రత్త పడాలి. పెట్రోలు ఇంజనులోలా మానిఫోల్డు (ఇంజనులోకి గాలి వెళ్లే గొట్టం) నుంచి సరిపడా వాక్యూమ్ రాదు. వాక్యూమ్ పంపు ఉన్న ఆల్టర్నేటర్ వేయించి, దానికి ఇంజనాయిలు వచ్చే, పోయే పైపులు రెండూ కలపాలి. ఐడిల్‌లో వాక్యూమ్ గేజి కనీసం 18 అంగుళాలు (పాదరసం లెక్కలో) చూపాలి. ఇంజను ఆపి పెడల్ నాలుగైదు సార్లు తొక్కి, కాలు అలాగే ఉంచి స్టార్ట్ చేయండి. పెడల్ కాస్త దిగితే బూస్టర్ పనిచేస్తున్నట్టే.

పెడల్ తొక్కితే బ్రేకాయిలుని లైన్లలోకి తోసే మాస్టర్ సిలిండర్ కూడా మార్చాలి. కాలిపర్లకి ఆ ఆయిలు ఎక్కువ కావాలి. పైగా ముందు, వెనక లైన్లు వేరుగా ఉండే టాండెమ్ రకమైతే ఒకటి లీకైనా రెండోది పట్టుకుంటుంది. వెనక డ్రమ్ముల లైనులో ఒత్తిడి తగ్గించే ప్రపోర్షనింగ్ వాల్వు పెట్టించండి. లేదంటే గట్టిగా తొక్కినప్పుడు వెనక చక్రాలే మొదట బిగిసి బండి అడ్డం తిరుగుతుంది.

కాలిపర్లు బిగించడానికి బ్రాకెట్లు వెల్డింగ్ చేయించడం మేం ఒప్పుకోం. కంపెనీ నుంచే డిస్కులతో వచ్చిన తర్వాతి అంబాసిడర్ సెట్టు హబ్బులు, స్టబ్ యాక్సిళ్లతో (ముందు చక్రాలు తిరిగే పొట్టి ఇరుసులతో) సహా తీసుకోండి. బిగించాక డయల్ గేజితో చూస్తే డిస్కు ఊగు 0.1 మి.మీ. దాటకూడదు. స్టీరింగు రెండు వైపులా చివరిదాకా తిప్పి హోసు ఎక్కడా రాసుకోవట్లేదని చూడండి. గాలి తీసే నిపుల్ కాలిపర్‌కి పైనే ఉండాలి. కుడి ఎడమలు తారుమారైతే నిపుల్ కిందికి వస్తుంది, ఎంత బ్లీడింగ్ చేసినా గాలి పోదు. బ్రేకాయిలు డాట్ 4 రకం పోయండి. అది తేమ పీల్చుకుంటుంది, పీల్చుకున్న కొద్దీ తక్కువ వేడికే మరుగుతుంది. రెండేళ్లకోసారి మార్చాలి. మన తీరప్రాంతపు గాలికి ఇంకా ముందే మార్చినా మంచిదే.

ప్రశ్న: డిస్కులు వేశాక పది కిలోమీటర్లకే ముందు చక్రాలు పట్టేసి కాలిపోతున్నాయి.
– ఓ పాఠకురాలు, ఆమదాలవలస

జవాబు: పట్టేసినప్పుడే బండి ఆపి, మాస్టర్ సిలిండర్ని బూస్టర్‌కి బిగించిన నట్లు 2 మి.మీ. వదులు చేయండి. చక్రాలు వదిలితే పుష్‌రాడ్ (బూస్టర్ నుంచి మాస్టర్ సిలిండర్ని తోసే కడ్డీ) పొడవెక్కువ, తగ్గించాలి. వదలకపోతే నిపుల్ తెరవండి. అప్పుడు వదిలితే ఒత్తిడి లైనులోనే చిక్కుకుంది. డ్రమ్ముల కోసం పెట్టిన, కాలు తీసినా లైనులో 10 పిఎస్ఐ దాకా ఒత్తిడి నిలబెట్టే రెసిడ్యువల్ వాల్వు ముందు లైనులో ఉండిపోయి ఉంటుంది, తీసేయించండి. అదీ లేకపోతే హోసు లోపల వాచి ఉండొచ్చు. నిపుల్ తెరిచినా చక్రం కదలకపోతే కాలిపర్ పిస్టన్ బిగుసుకున్నట్టే.