రోమన్ సైనికుల గుంపులో మనకి చోటుందా? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

యూరప్‌లో సెలవు రోజుల్లో రోమన్ బట్టలు కట్టుకుని కలిసే జనం గురించి పోయినసారి నాలుగు ముక్కలు రాశాను. ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. ఈ నెల శీర్షిక మొత్తం దానికే ఇచ్చేస్తున్నాను.

ప్రశ్న: మాది గుంటూరు దగ్గర పల్లెటూరు. న్యూకాజిల్‌లో ఎమ్మెస్ చదువుతున్నాను. ఒక ఆదివారం మెట్రో ఎక్కి సౌత్ షీల్డ్స్ వెళ్తే, అక్కడి పాత రోమన్ కోట దగ్గర కవచాలు, డాళ్లతో కొంతమంది కవాతు చేస్తున్నారు. షూటింగేమో అనుకున్నాను. కాదట, అందరూ మామూలు ఉద్యోగస్తులేనట. నాకూ చేరాలని ఉంది గానీ టెన్షన్‌గా ఉంది. మన రంగువాళ్లు రోమన్ సైనికుడి వేషంలో ఎబ్బెట్టుగా ఉండరా?

చేరండి. చేరే ముందు ఒక్క పని చేయండి, అదే కోట మ్యూజియంలో రెజీనా అనే ఆవిడ సమాధి రాయి ఉంది, దాని ముందు ఓ పది నిమిషాలు నిలబడండి. ఆవిడ పేము కుర్చీలో కూర్చుని ఉంటుంది, ఒక పక్క ఉన్ని ఉండల బుట్ట, ఇంకో పక్క నగల పెట్టె. దక్షిణ బ్రిటన్‌లో కటువెలౌని తెగ అమ్మాయి, బానిసగా బతికి, విడుదలై, తనను విడిపించినవాణ్నే పెళ్లి చేసుకుంది. 30 ఏళ్లకే పోయింది. ఆ రాయి పెట్టించిన భర్త పేరు బరాటెస్, సొంత ఊరు పల్మైరా, అంటే ఇప్పటి సిరియా ఎడారిలో ఉన్న పట్నం. పైన పద్ధతిగా లాటిన్‌లో రాయించాడు. కింద మాత్రం తన ఊరి లిపిలో ఒక్క వరుస చెక్కించాడు: బరాటెస్ విడిపించిన రెజీనా, అయ్యో! అంతే. అమ్మానాన్నలకి ఇన్ని వేల మైళ్ల దూరంలో చదువుకుంటున్నవారు కదా, ఆ చివరి మాట తన భాషలోనే ఎందుకు చెక్కించాడో మీకు నేను వివరించనక్కర్లేదు.

ఇతనొక్కడే కాదు. ఆ కోటలోనే ఒకప్పుడు టైగ్రిస్ నది పడవవాళ్ల దళం ఉండేది. ఉత్తర ఇంగ్లండ్‌కి అడ్డంగా క్రీ.శ. 122లో మొదలుపెట్టి కట్టిన రోమన్ సరిహద్దు గోడ, హేడ్రియన్ గోడ 117 కిలోమీటర్లు, దాని పొడవునా ఎక్కడెక్కడివాళ్లో కాపలా కాశారు. కార్‌వొరాన్ దగ్గర సిరియా విలుకాళ్లు, పడమటి కొసన బర్గ్ బై శాండ్స్ దగ్గర ఉత్తర ఆఫ్రికా మూర్లు. రోమన్ సైన్యమంటే తెల్లవాళ్ల సైన్యమని మనకి అలవాటు చేసింది సినిమాలు. ఆ గోడ మీద మీ రంగు కొత్తదేమీ కాదు. ఎబ్బెట్టుగా ఉండేది చేతికి ఉన్న గడియారం, కళ్లజోడు, నడుముకి దోపుకున్న ఫోను. గ్రూపుల్లో చాలామంది గట్టిగా పట్టించుకునేది వీటినే.

దీన్ని నాటకం అనుకుని వెళ్లొద్దు. మన పౌరాణిక నాటకంలో కిరీటం అట్టదైనా ఫరవాలేదు, పద్యం పలకాలి. ఇక్కడ ఎదురుగా నిలబడ్డ పదేళ్ల పిల్లాడు "ఇది ఇలాగే ఉండేదని నీకెలా తెలుసు?" అని అడిగితే జవాబు ఉండాలి. చలికి మేజోళ్లు వేసుకున్నారా? వేసుకోవచ్చు, ఎందుకంటే ఆ గోడ దగ్గరే విండోలాండా అనే రోమన్ కోటలో 1973 నుంచి తవ్వితీసిన చెక్క పలకల ఉత్తరాల్లో ఒకదాంట్లో మేజోళ్లు, రెండు జతల చెప్పులు, రెండు జతల లోదుస్తులు పంపిన సంగతి సిరాతో రాసి ఉంది. ఇలా ప్రతిదానికీ ఒక తవ్వకమో, శిల్పమో, శాసనమో చూపించాలి. బ్రిటన్‌లో ఈ పట్టుదలకి దారి వేసినవాళ్లలో 1972లో గ్లాస్టర్‌షైర్‌లో మొదలైన ఎర్మిన్ స్ట్రీట్ గార్డ్ అనే గ్రూపు ముఖ్యం, పేరు పాత రోమన్ రోడ్డుది.

ముందే కవచం కొనేయకండి, చాలా ఖరీదు. కొత్తవాళ్లకి గ్రూపులు సాధారణంగా తమ దగ్గరున్నవి అరువిస్తాయి. మొదటి ఏడాది ఒక ఉన్ని చొక్కా, నడుము పట్టీతో మామూలు పౌరుడిగా తిరిగినా చాలు.

ఇంకోటి, మీరు ఖాళీ చేతులతో వెళ్లడం లేదు. ఇంగ్లండ్‌లో నేను మొదటిసారి అలాంటి గుంపులోకి వెళ్లినప్పుడు ఒకావిడ తిరగలి తిప్పుతూ గోధుమలు విసురుతోంది, అవస్థ పడుతోంది. మా అమ్మమ్మ ఒక కాలు చాపి, ఒక కాలు మడిచి కూర్చుని, రెండో చేత్తో గుప్పెడేసి గింజలు పోస్తూ పాట మీద విసిరేది. అలా కూర్చుని చూపించాను. ఆవిడ నా పక్కనే కింద కూర్చుని తనూ కాలు చాపింది, తర్వాత నోట్‌బుక్ తీసి నేను కూర్చున్న తీరు బొమ్మ గీసుకుంది. మధ్యాహ్నం దాకా అక్కడి నుంచి లేవబుద్ధి కాలేదు.

ప్రశ్న: పెద్దవాళ్లు ఫ్యాన్సీ డ్రెస్ వేసుకుంటే చరిత్రకి ఏం ఒరుగుతుందండీ? పుస్తకాలు లేవా? – రిటైర్డ్ ఉద్యోగి, కరీంనగర్

పుస్తకాలున్నాయి సార్, కానీ పుస్తకానికి బరువు తెలియదు. పలకలు పలకలుగా ఉండే రోమన్ కవచం మీరు బొమ్మల్లో చూసే ఉంటారు. రోమ్‌లోని ట్రాజన్ స్తంభం మీద చాలామంది సైనికులు అదే తొడుక్కుని కనిపిస్తారు. అది ఎలా బిగించేవాళ్లో చాలాకాలం ఎవరికీ సరిగ్గా అంతుపట్టలేదు. 1964లో హేడ్రియన్ గోడ దగ్గర కార్‌బ్రిడ్జ్‌లో ఒక చెక్కపెట్టె దొరికింది, లోపల ఆ కవచాల ముక్కలు తుప్పు పట్టి. లండన్ టవర్ ఆయుధశాలలో పనిచేసిన రస్సెల్ రాబిన్సన్ వాటిని చూసి, మనిషి ఒంటికి సరిపోయేలా మళ్లీ చేసి చూపించాడు. లోపల తోలు పట్టీలు, బయట కొక్కేలు, ఏది ఎక్కడ కదలాలో అప్పుడు తేలింది. ఎర్మిన్ స్ట్రీట్ గార్డ్ లాంటివాళ్లు ఆ నమూనా మీదే కవచాలు చేసుకుని, తొడుక్కుని తిరిగి, ఎక్కడ ఒరుసుకుంటోందో, ఏ పట్టీ ముందు తెగుతుందో చూశారు.

1985లో మార్కుస్ యుంకెల్‌మాన్ అనే జర్మన్ చరిత్రకారుడు కొద్దిమంది సహచరులతో రోమన్ సైనికుల సామాను మొత్తం మోసుకుంటూ ఇటలీలోని వెరోనా నుంచి ఆల్ప్స్ కొండలు దాటి జర్మనీలోని ఆగ్స్‌బర్గ్ దాకా నడిచాడు. 500 కిలోమీటర్ల పైమాటే. చెప్పుల అడుగున కొట్టిన ఇనుప మేకులు ఎన్ని రోజులకి అరుగుతాయో, భుజం మీద కర్రకి కట్టిన మూట ఎక్కడ నొప్పి పుట్టిస్తుందో అలా నడిస్తేనే కదా తెలిసేది. ఆ మేకులు మట్టిలో, గడ్డిలో బాగా పట్టునిస్తాయి, నున్నటి రాతి మీద మాత్రం జారతాయి. క్రీ.శ. 70లో జెరూసలేం ముట్టడిలో జూలియానస్ అనే రోమన్ వీరుడు సరిగ్గా ఇలాగే ఆలయం రాతిపరుపు మీద జారిపడి శత్రువులకు చిక్కి చచ్చిపోయాడని ఆ కాలపు యూదు చరిత్రకారుడు జోసెఫస్ రాశాడు. ఒక్కసారి ఆ చెప్పులు వేసుకుని రాతి మీద నడిచినవాళ్లు ఆ వాక్యాన్ని ఇక మామూలుగా చదవలేరు.

మీ అనుమానంలో న్యాయం లేకపోలేదు. చేసి చూస్తే "ఇలా చేయడం కుదురుతుంది" అని మాత్రమే తేలుతుంది, "ఇలాగే చేశారు" అని తేలదు. కవాతులో అరిచే లాటిన్ ఆజ్ఞలే చూడండి, వాటిలో చాలావాటికి ఆధారం ఆరో శతాబ్దం చివరి బైజాంటియన్ (తూర్పు రోమన్) యుద్ధ గ్రంథం, అంటే వీళ్లు చూపించే సైన్యానికి దాదాపు 500 ఏళ్ల తర్వాతది. మంచి గ్రూపులు ఈ సంగతి జనానికి దాచకుండా చెప్తాయి. అలా చెప్పేవాళ్లని నమ్మండి.

ప్రశ్న: మేం ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉంటాం. ఎనిమిదేళ్ల బాబు, ఐదేళ్ల పాప. ఇలాంటి ఉత్సవాలు ఎక్కడెక్కడ జరుగుతాయి? శాకాహారులం, అక్కడ తినడానికి ఏమైనా దొరుకుతుందా?

మీ ఇంటి పక్కనే ఉందమ్మా. బాట్ హోంబుర్గ్ దగ్గర జాల్‌బుర్గ్ కోట, వందేళ్ల కిందట రెండో విల్‌హెల్మ్ చక్రవర్తి కాలంలో పాత పునాదుల మీద తిరిగి కట్టింది. ముందు పిల్లల్ని అక్కడికే తీసుకెళ్లండి. ఇంకాస్త దూరం వెళ్లగలిగితే రైన్ నది ఒడ్డున క్సాంటెన్ ఉంది. వియన్నాకి తూర్పున డాన్యూబ్ పక్కన కార్నుంటుంలో జూన్‌లో జరుగుతుంది, అక్కడ ఇళ్లూ స్నానశాలా పాత పద్ధతిలో మళ్లీ కట్టారు, పొయ్యి వెలిగిస్తే నేల వెచ్చబడుతుంది, పిల్లలకి తెగ నచ్చుతుంది. బాజెల్ పక్కన ఆగస్టా రౌరికాలో అయితే ఆగస్టులో. స్పెయిన్‌లోని తరగోనాలో 1999 నుంచి మే నెలలో చేస్తున్నారు. ఫ్రాన్స్‌లోని నీమ్‌లో 2010లో మొదలైన ఉత్సవాలు అసలు రోమన్లు కట్టిన రంగస్థలంలోనే జరుగుతాయి. ఇక రోమ్‌లో ఏప్రిల్ 21 నగరం పుట్టినరోజు, క్రీ.పూ. 753 అని లెక్క. ఆ తేదీ దగ్గర్లో, 1994లో ఏర్పడిన గ్రుప్పో స్టోరికో రొమానో గ్రూపువాళ్లు పాత రథాల పందేల మైదానం సర్కస్ మాగ్జిమస్‌లో వేడుకలు చేస్తారు, ఊరేగింపు తీస్తారు, బయటి దేశాల గ్రూపులూ వస్తాయి. తేదీలు ఏటా అటూఇటూ మారుతుంటాయి, బయల్దేరే ముందు ఒకసారి చూసుకోండి.

తిండి గురించి దిగులు పడకండి. సైనికుడి రోజువారీ తిండి గోధుమలు, పప్పులు, జున్నులాంటి చీజ్. గోధుమ జావ, రొట్టె, మసూర్ పప్పు లాంటి పప్పు కూర దాదాపు ప్రతి శిబిరం పొయ్యి మీదా కనిపిస్తుంది. ఒక్కటి అడిగి తినండి, రోమన్లు చాలా వంటల్లో చేపల నుంచి తీసిన ఉప్పటి రసం పోసేవాళ్లు, చూస్తే తెలియదు. టమాటా, మిరపకాయ, ఆలుగడ్డ కనిపించవు, అవి అప్పటికింకా అమెరికా దాటలేదు, మన వంటింటికీ రాలేదు. కారం కావాలంటే మిరియాలే. విండోలాండాలో ఒక సైనికుడు రెండు దినారీలకి (రోమన్ వెండి నాణేలు) మిరియాలు కొన్నట్టు లెక్క రాసి ఉంది. అవి మన కేరళ తీరం వైపు నుంచి ఓడెక్కి అంతదూరం పోయినవే. ఈ ముక్క మీ పాపకి తప్పకుండా చెప్పండి.

కొమ్ము బూరాలు చాలా గట్టిగా మోగుతాయి, చిన్నపిల్లలు జడుసుకుంటారు, కాస్త వెనక్కి నిలబడండి. కత్తి పట్టుకోవాలంటే అడిగి పట్టుకోమనండి, ఆనందంగా ఇస్తారు.

ప్రశ్న: బానిసల్ని పెట్టుకున్న, దేశాల్ని దోచుకున్న సామ్రాజ్యానికి పండగ చేయడం ఏమిటి? – హైదరాబాద్

ఈ ప్రశ్న అడగాల్సిందే. ఇటలీలో ముస్సోలినీ మే డే తీసేసి ఏప్రిల్ 21ని కార్మికుల సెలవుగా చేశాడు, రోమ్ గద్దనీ గుర్తులనీ తన రాజకీయానికి వాడుకున్నాడు. అతని మనుషులు చెయ్యి చాచి పెట్టిన "రోమన్ వందనం" అసలు రోమన్లదే అనడానికి గట్టి ఆధారం లేదు, 1784లో ఫ్రెంచి చిత్రకారుడు డేవిడ్ వేసిన బొమ్మలో చేతులు చాచిన భంగిమ తర్వాత్తర్వాత అలా పాకింది. అందుకే ఏ గ్రూపులోనైనా ఆ వందనం పెడుతుంటే నేనైతే అక్కడ ఆగను. సైనికులు, గ్లాడియేటర్లు తప్ప ఇంకెవరూ కనపడని చోట కూడా ఏదో వెలితిగానే ఉంటుంది. బానిసల సంతలో మనిషికి ఎలా వెలకట్టేవాళ్లో, ఓడిపోయిన తెగలు ఎలా బతికాయో చూపించే శిబిరాలూ ఉన్నాయి. వెతుక్కుని వాటి దగ్గరికే వెళ్లండి. రెజీనా కథ అక్కడిదే.

ప్రశ్న: నేను మాచర్ల దగ్గర హైస్కూల్లో సోషల్ టీచర్ని. మా పిల్లలతో ఇలాంటిదేదైనా చేయించాలని ఉంది. రోమన్లనే చేయాలా?

అక్కర్లేదు టీచర్‌గారూ. మీ గుమ్మంలోనే నాగార్జునకొండ ఉంది. సాగర్ డ్యామ్ కింద మునిగిపోకముందు 1954 నుంచి అక్కడ తవ్వి తీసినవాటిలో చుట్టూ మెట్లున్న ప్రదర్శనశాల ఒకటి. దాన్ని అనుపు దగ్గర మళ్లీ నిలబెట్టారు. దాంట్లో రోమన్ పోలికలు చూసిన పండితులున్నారు, అక్కడ రోమన్ బంగారు నాణేలూ దొరికాయి. ఒక స్తంభం మీద పొడవాటి అంగీ, టోపీతో బల్లెం పట్టుకున్న శక సైనికుడున్నాడు. చనిపోయినవాళ్ల గుర్తుగా నిలిపిన ఛాయా స్తంభాలు ఉన్నాయి, సైనికులకే కాదు, ఒక చేతిపనివాడికి కూడా. మూడో నాలుగో శతాబ్దాల ఇక్ష్వాకుల విజయపురి (నాగార్జునకొండ పాత పేరు) మనుషులు ఏం కట్టుకున్నారో చెప్పే సాక్ష్యం ఇంతకంటే ఏం కావాలి?

మీ పల్నాట్లోనే కారెంపూడిలో ఏటా కార్తీక అమావాస్యకి పల్నాటి వీరుల కొణతాలు, అంటే ఆయుధాలు తెచ్చి ఐదు రోజులు ఆరాధన చేస్తారు, రాయబారం, మందపోరు, కోడిపోరు అన్నీ రోజుకొకటి జరుపుతారు. అది పూజ, దాన్ని బడి ప్రదర్శనలో అనుకరించొద్దు. పిల్లల్ని తీసుకెళ్లి చూపించండి చాలు.

బడిలో చేసేది చిన్నగా మొదలుపెట్టండి. నాగార్జునకొండ మ్యూజియంలో పిల్లల్ని నలుగురేసి ఒక్కో శిల్పం ముందు కూర్చోబెట్టి, తలపాగా ముడి ఏ పక్కన ఉందో, కొస ఎటు వేలాడుతోందో బొమ్మ గీయించండి. తర్వాత మీ ఊళ్లో ఇంకా తలపాగా చుట్టే పెద్దాయన్ని బడికి పిలిచి, ఆ బొమ్మ చేతికిచ్చి, అలాగే చుట్టమనండి. ఎన్ని మూరల గుడ్డ పట్టిందో, ఎక్కడ కుదరలేదో పిల్లలతో రాయించి మాకు పంపండి. ఈ శీర్షికలోనే వేస్తాను.