బ్యాటిల్ ర్యాప్ కోసం కాలేజీ మానేస్తానంటే ఏం చెప్పాలి?

ప్రశ్న: మేం న్యూజెర్సీలో ఉంటాం. మా అబ్బాయికి 19 ఏళ్లు, యూనివర్సిటీలో రెండో సంవత్సరం. కొన్నాళ్లుగా ర్యాప్ బ్యాటిల్స్‌కి వెళ్తున్నాడు, కొన్ని గెలిచాడు కూడా. ఇప్పుడు చదువు ఆపేసి ఇదే కెరీర్ అంటున్నాడు. వీడియోలు చూస్తే ఒకరినొకరు తిట్టుకోవడమే కనిపించింది. వాళ్లమ్మ సరిగ్గా అన్నం కూడా తినడం లేదు. దీంట్లో అసలు భవిష్యత్తు ఉందా?

జవాబు: ముందు ఆ తిట్ల సంగతి చెబుతాను, ఇంట్లో టెన్షన్ సగం వాటివల్లే కాబట్టి. బ్యాటిల్‌లో తిట్టుకోవడం ఆటలో భాగం. అయిపోయాక చాలామంది కౌగిలించుకుని వెళ్లిపోతారు. ఈ పోటీలు నడిపే సంస్థల్ని లీగులంటారు. ఇప్పటి పెద్ద లీగుల్లో ఎక్కువగా మ్యూజిక్ ఉండదు, ఒక్కొక్కరికి సాధారణంగా మూడు రౌండ్లు. ఎదుటివాడి గురించి అంతా తెలుసుకుని, నిమిషాల తరబడి చెప్పేంత ప్రాసతో రాసుకుని, కంఠతా పట్టి, వాడి మొహంలో మొహం పెట్టి చెప్పాలి. మధ్యలో మర్చిపోతే జనం అక్కడికక్కడే గోల చేస్తారు. మీవాడు ఇది చేసి గెలుస్తున్నాడంటే మాట మీద పట్టు, జ్ఞాపకశక్తి, ధైర్యం మూడూ ఉన్నట్టే. ఆ మాట వాడితో మీరు ఒక్కసారైనా అన్నారా? అనకపోతే అక్కడి నుంచి మొదలుపెట్టండి. ఆ తర్వాత మీరు చెప్పే జాగ్రత్తలు వాడి చెవికెక్కుతాయి.

ఇక భవిష్యత్తు. మీ కుటుంబానికి దగ్గరగా ఉండే ఉదాహరణ జిన్ అనే ర్యాపర్. తల్లిదండ్రులు హాంకాంగ్ నుంచి వచ్చినవాళ్లు, రెస్టారెంట్ నడిపేవారు. అతను పుట్టింది మయామీలో. తర్వాత న్యూయార్క్ వచ్చి, 2002లో బీఈటీ ఛానల్‌లో శుక్రవారం జరిగే ఫ్రీస్టైల్ (అప్పటికప్పుడు అల్లి చెప్పే ర్యాప్) పోటీలో వరసగా ఏడు వారాలు గెలిచాడు. ప్రత్యర్థులు అతని చైనా మొహం మీదే జోకులు వేసేవారు, అతను వాటినే తిప్పికొట్టేవాడు. ఏడో గెలుపు రోజునే రఫ్ రైడర్స్ అనే పెద్ద మ్యూజిక్ కంపెనీతో ఒప్పందం అయిందని ప్రకటించాడు. అమెరికాలో పెద్ద కంపెనీ తీసుకున్న మొదటి ఆసియా సంతతి సోలో ర్యాపర్లలో ఒకడిగా పేరొచ్చింది.

మీవాడు బహుశా ఇంతవరకే చెబుతాడు. మిగతాది కూడా ఇద్దరూ కూర్చుని చూడండి. అతని ఆల్బం రావడానికి 2004 దాకా పట్టింది. అప్పటికి టీవీ వేడి చల్లారింది, బిల్‌బోర్డ్ ఆల్బమ్ జాబితాలో 54వ స్థానం దాటలేదు. 2005లో ర్యాప్ మానేస్తున్నానని పాటే రాశాడు. అతన్ని మళ్లీ నిలబెట్టింది ఇంట్లో మాట్లాడే కాంటోనీస్. ఆ భాషలో ఆల్బం చేసి, 2008లో హాంకాంగ్ వెళ్లి, 2012 వరకు అక్కడే ఉండి టీవీ, సినిమాల్లో పనిచేశాడు. 2017లో చైనా ర్యాప్ పోటీలో మళ్లీ కనిపించాడు. బ్యాటిల్ అతనికి పేరు తెచ్చింది, ఆ పేరు మీద ఇల్లు నడిచింది మాత్రం వేరే పనులతో. తర్వాత పెద్ద స్టార్ అయిన ర్యాపర్ ఎమినెం కూడా 1997లో లాస్ ఏంజెలెస్‌లో జరిగిన ర్యాప్ ఒలింపిక్స్ అనే పోటీలో రెండో స్థానంలోనే ఆగాడు. అతన్ని పైకి తెచ్చింది రికార్డ్ చేసి పెట్టుకున్న పాటలు.

బ్యాటిల్స్‌లోనే ఇరవై ఏళ్లు నిలిచినవాళ్లూ లేకపోలేదు. హార్లెంకు చెందిన లోడెడ్ లక్స్ 2000ల మొదట్లో బ్యాటిల్స్ డీవీడీల మీద అమ్ముడుపోయే కాలం నుంచి ఉన్నాడు. అతను సొంతంగా లీగ్ కూడా పెట్టాడు. ఇది ఎందుకు గమనించాలంటే, లీగ్ వీడియోకి ఎన్ని వ్యూస్ వచ్చినా, ఆ ఆదాయం సాధారణంగా ఛానల్ వాళ్లది. ర్యాపర్‌కి ఆ రోజుకి ఇచ్చే ఫీజే. ఎక్కడైనా సంతకం పెట్టేముందు వీడియో హక్కులు ఎవరివో చదవమనండి. సొంత పాటలు విడుదల చేసి, పాటల రాయల్టీ వసూలు చేసి పెట్టే ఆస్కాప్‌లోనో బీఎంఐలోనో నమోదు చేసుకుంటే, అవి బయట వినిపించినప్పుడు రాయల్టీ వాడికే వస్తుంది.

నా అభిప్రాయం సూటిగా: కాలేజీ ఇప్పుడు మానకూడదు. న్యూయార్క్ మీకు పక్కనే ఉంది, బ్యాటిల్స్ ఎక్కువగా వారాంతాల్లోనే. ఈ కళకి చదువు అడ్డం కాదు. కుదిరితే కమ్యూనికేషన్ కోర్సో, మ్యూజిక్ బిజినెస్ మైనరో కలుపుకోమనండి. నెలకో పాట రికార్డ్ చేయమనండి, తెలుగులో కూడా రాయమనండి. ఫీజు చెక్కుల్లోంచి పన్ను ఎవరూ పట్టుకోరు, సొంత ఉపాధి పన్ను 15.3 శాతం వాడే కట్టాలి. హెల్త్ ఇన్సూరెన్స్ మాత్రం 26 ఏళ్లు వచ్చేదాకా మీ ప్లాన్‌లో ఉండొచ్చు.

మీరు రాయని ముఖ్యమైన విషయం వీసా. అబ్బాయి సిటిజనో, గ్రీన్ కార్డో అయితే పర్వాలేదు. హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగి కుటుంబానికిచ్చే వీసా) మీద ఉంటే డబ్బు తీసుకుని స్టేజి ఎక్కడం అనుమతి లేని పని కిందకే వస్తుంది, 21 నిండితే ఆ స్టేటస్ కూడా పోతుంది. ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) అయితే చదువు ఆపగానే దేశంలో ఉండే హక్కుకే ముప్పు. అలాంటప్పుడు మ్యూజిక్ మాటకంటే ముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని కలవాలి. ఏ స్టేటస్‌లో ఉన్నాడో, ఏ మేజరో రాయండి. దాన్నిబట్టి వచ్చే సెమిస్టర్‌కి ఏ కోర్సులు తీసుకోవాలో చెబుతాను.