ముందు మానాల్సింది మీరు, తర్వాత వాడు

అమ్మలూ,

నీ ఉత్తరం అందింది. రెండున్నరేళ్లు నిండినా బాబు నోట్లోంచి పాసిఫైయర్, అదే చప్పరించే రబ్బరు పీక, రావడం లేదనీ, తీసేస్తే ఇల్లు పీకి పందిరేస్తున్నాడనీ రాశావు. ముందు టెన్షన్ తగ్గించుకో. చప్పరించడం పిల్లలు కడుపులో ఉండగానే మొదలుపెట్టే పని. అది మొండితనం కాదు, నీ పెంపకంలో లోపమూ కాదు. మొదటి ఏడాది నిద్రపుచ్చేటప్పుడు పీక ఇస్తే మేలేనని డాక్టర్లే చెబుతారు.

అయితే ఇంక మాన్పించడం మొదలుపెట్టే వయసు వచ్చింది. మూడేళ్లు దాటినా అలవాటు సాగితే పై పళ్లు ముందుకొస్తాయి, నోరు మూసినా పై వరసకీ కింది వరసకీ మధ్య సందు మిగులుతుంది. ఈలోపే మానేస్తే ఆ తేడా చాలావరకు దానంతటదే సర్దుకుంటుంది. మాటిమాటికీ చెవిలో ఇన్‌ఫెక్షన్ వచ్చే పిల్లలకైతే ఇంకా ముందే మాన్పించడం మంచిది.

ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు. వాడు అడిగి తీసుకునేది ఎన్నిసార్లు, అడక్కుండా మీరే నోట్లో పెట్టేది ఎన్నిసార్లు? రెండు రోజులు గమనించి చూడు. ఫోన్ మాట్లాడాలంటే పీక, కారెక్కితే పీక, నలుగురిలో కాస్త ముఖం మాడ్చాడంటే పీక. నన్నడిగితే ఈ అలవాటులో సగం పెద్దవాళ్లదే. అందుకని మొదటి పని, అడగనిదే ఇవ్వడం మానండి. కంటికి కనబడకుండా సొరుగులో పడెయ్యండి. మెడలో తాడుకి కట్టి వేలాడదీస్తున్నారేమో, అది వెంటనే తీసెయ్, గొంతుకి బిగుసుకుంటుంది.

తర్వాత పగటి వాడకం. పీక మంచం మీదే ఉంటుంది, అక్కణ్ణించి కదలదు, కావాలంటే వెళ్లి పడుకుని చప్పరించుకోవచ్చు అని చెప్పు. వద్దనలేదు కాబట్టి గొడవకి పెద్దగా చోటుండదు. కాసేపు పడుకుంటాడు, ఇవతల ఆట కనిపిస్తుంటే లేచి వచ్చేస్తాడు. నోట్లో పీకతో ఏదైనా అడిగితే "అర్థం కాలేదు నాన్నా, తీసి చెప్పు" అను. అడిగిన ప్రతిసారీ ఎందుకు అడుగుతున్నాడో చూడు. ఆకలా, నిద్రా, ఊసుపోకా, కొత్త మనుషుల్ని చూసి బెదిరాడా? బెదిరిన పిల్లాడికి కావాల్సింది నీ ఒడి. ఊసుపోని వాడికి చేతికి ఏదో ఒక పని ఇస్తే చాలు.

అసలు కష్టం రాత్రిది. ఇన్నాళ్లూ వాడు తనను తాను నిద్రపుచ్చుకున్నది దాంతోనే. అది తీసేశాక ఏం చెయ్యాలో వాడికి తెలియదు కదా. కాబట్టి తియ్యకముందే ఇంకొకటి అలవాటు చెయ్యి. ఒక మెత్తటి బొమ్మో, రోజూ అదే కథో, వీపు నిమరడమో, ఏదైనా సరే. కొన్నాళ్లు రెండూ సాగనీ. ఆ తర్వాత ఒక రోజు అనుకుని వాడికి ముందే చెప్పు, ఆ రోజు వాడి చేత్తోనే తీసి ఇచ్చేలా చూడు. బదులుగా వాడికి నచ్చిన బొమ్మ ఇస్తే ఇవ్వు, తప్పులేదు. కాకి ఎత్తుకుపోయిందని మాత్రం చెప్పకు. పీక సంగతి అలా ఉంచు, కాకిని చూసి జడుసుకుంటాడు.

కొన్ని రాత్రులు ఏడుస్తాడు. పక్కన కూర్చో, ఎత్తుకో, ఓదార్చు, కానీ మళ్లీ ఇవ్వకు. అర్ధరాత్రి జాలిపడి ఇచ్చావంటే ఎంతసేపు ఏడిస్తే దొరుకుతుందో లెక్క వాడికి తెలిసిపోతుంది. మర్నాడు అంతకంటే ఎక్కువే ఏడుస్తాడు. నిలబడగలననుకున్నప్పుడే మొదలుపెట్టు. జ్వరంలోనో, ఇల్లు మారుతుంటేనో, చెల్లో తమ్ముడో పుట్టబోతుంటేనో ఈ పని పెట్టుకోకు. నెల ఆలస్యమైతే కొంపలేం మునగవు.

చేదు పుయ్యమనీ, కారం రాయమనీ చెప్పేవాళ్లు ఉంటారు. వినకు. కొస కత్తిరించి ఇస్తే రుచి పోయి మానేస్తారనీ అంటారు. తెగిన ముక్క ఊడి గొంతులో పడితే ఏం గతి? తేనెలో ముంచి ఇవ్వడం పళ్లకి చేటు, ఏడాది లోపు పిల్లలకైతే తేనె అసలే పెట్టకూడదు.

పీక పోయాక వేలు నోట్లో పెడతాడేమో. వేలిని సొరుగులో దాచలేం, అందుకని తిట్టకు, చేతిమీద కొట్టకు. తిట్టే కొద్దీ ఎక్కువవుతుంది. చూసీ చూడనట్టుండి చేతులకి పని కల్పించు. ఎంతకీ మానకపోతే పళ్ల డాక్టరుకి చూపించు.

మీ ఆయనకీ, పగలు పిల్లాణ్ణి చూసుకునేవాళ్లకీ ఈ సంగతులన్నీ ముందే చెప్పు. ఒకరు దాచింది ఇంకొకరు తీసి ఇస్తే వాడికి అయోమయం. అనుకున్న రోజున దిండు కిందా, సంచీలో, కారులో ఉన్నవన్నీ ఏరి పారెయ్. ఎందుకైనా మంచిదని ఒక్కటి కూడా అట్టే పెట్టకు. అర్ధరాత్రి దానికోసం వెతికేది వాడు కాదు, నువ్వే.

ఇట్లు,
మీ పెద్దమ్మ