పిల్లలకు వంట నేర్పాలంటే పప్పుతో మొదలుపెట్టండి

మీ పన్నెండేళ్ల అబ్బాయికి, ఎనిమిదేళ్ల అమ్మాయికి ఇంటి వంట నేర్పాలని ఉందని, కానీ ఇద్దరూ నూడుల్స్, కేకులు తప్ప మరేదీ చేయడానికి ముందుకు రావడం లేదని, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పమని అడిగారు. హనుమకొండలో ఉంటూ నాలుగేళ్లుగా మా ఇద్దరు పిల్లలకు వంట నేర్పుతున్నాను కాబట్టి మా ఇంట్లో జరిగింది చెబుతాను.

ముందుగా, చిరుతిళ్లతో మొదలుపెట్టకండి. నేను చేసిన పొరపాటు అదే. వేసవి సెలవుల్లో బిస్కెట్లు, కేకు నేర్పాను. బడులు తెరవగానే ఆ సరదా ఆగిపోయింది, ఎందుకంటే ఆ వంట మీద ఇంట్లో ఎవరి భోజనమూ ఆధారపడి లేదు. ఆ తర్వాత బుధవారం రాత్రి పప్పు అప్పటికి తొమ్మిదేళ్లున్న మా అమ్మాయిదనీ, అన్నం ఏడేళ్ల మా అబ్బాయిదనీ పంచిపెట్టాను. నలుగురి ఆకలి తమ చేతుల్లో ఉందని తెలిశాక ఇద్దరూ పనిలో దిగిన తీరే మారిపోయింది.

పప్పునే ఎంచుకోవడానికి కారణం ఉంది. బియ్యంలో తక్కువగా ఉండే లైసిన్ అనే మాంసకృత్తుల భాగం పప్పులో బాగా ఉంటుంది, పప్పులో కొరవడే మెథియోనిన్ అనే మరో భాగం బియ్యంలో దొరుకుతుంది కనుక పప్పన్నం కలిపి తింటే మాంసకృత్తుల లోటు చాలావరకు తీరుతుంది. అందులో పాలకూరో తోటకూరో వేసి, దించాక నిమ్మరసం పిండితే ఆకుకూరలోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. ఇదంతా పాఠంలా చెప్పనవసరం లేదు, నిమ్మకాయ పిండేటప్పుడు ఒక్క మాటగా చెబితే వాళ్లకు గుర్తుంటుంది.

మూడో వారం మా అమ్మాయి తొందరలో చింతపండు పులుసును కూడా పప్పుతో పాటే కుక్కర్‌లో పోసింది. పులుపు తగిలితే పప్పు మెత్తబడదని తెలిసీ నేను చూస్తూ ఊరుకున్నాను. అలా ఊరుకోవడం ఎంత కష్టమో మీకూ త్వరలోనే తెలుస్తుంది. ఆరు విజిల్స్ వచ్చాక మూత తీసి, ఒక బద్దను వేళ్ల మధ్య నొక్కి, "అమ్మా, ఇది ఇంకా పలుకుగానే ఉంది, ఎందుకు?" అని అడిగింది. కారణం అప్పుడు చెప్పాను. ఆ రాత్రి అందరం ఆ పప్పే తిన్నాం, ఎవరూ వంక పెట్టలేదు. ఇప్పుడు చింతపండు ఎప్పుడు వేయాలో తమ్ముడికి తనే చెబుతోంది. రుచి చెడే తప్పులను ఇలా జరగనివ్వండి.

ఒంటికి హాని చేసే తప్పుల విషయంలో మాత్రం పక్కనే నిలబడాలి. కుక్కర్ వెయిట్ కొద్దిగా ఎత్తి చూసి, ఆవిరి ఏమాత్రం రావడం లేదంటేనే మూత తీయాలి. కరివేపాకును కడిగాక తడి లేకుండా తుడిచి గాని కాగిన నూనెలో వేయకూడదు. మా అబ్బాయికి పదేళ్లు వచ్చేదాకా పోపు పెట్టనివ్వలేదు.

అయితే వాడి పని చిన్నదేమీ కాదు. అన్నం పెట్టడంతో పాటు తోటకూర దూయడం, పురుగు తిన్న ఆకులు ఏరేయడం, వెడల్పాటి గిన్నెలో కడగడం వాడివే. నీళ్లు వంపిన ప్రతిసారీ గిన్నె అడుగున వేలితో రాసి చూసి, ఇసుక తగిలితే మళ్లీ కడిగేవాడు. అంత శ్రమపడ్డ ఆకును వాడు వద్దనలేదు. కాకరకాయ మాత్రం ఇప్పటికీ ముట్టడు, నేనూ బలవంతపెట్టడం లేదు. మగపిల్లవాడికి వంటెందుకని మొదట్లో బాధపడిన మా అత్తగారే, బియ్యం మీద వేలి మొదటి కణుపు దాకా నీళ్లు పోయాలని వాడికి నేర్పారు. వాడి వేలు చిన్నది కావడంతో మొదటిసారి అన్నం బిరుసుగా వచ్చింది. ఆవిడ తన వేలు పక్కన వాడి వేలు పెట్టి చూసి, "నీకు రెండు కణుపులు నాన్నా" అని లెక్క మార్చారు.

ఉప్పు సంగతి నేను గట్టిగా పట్టించుకుంటాను. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాల ప్రకారం మనిషికి రోజుకు 5 గ్రాములకు మించి ఉప్పు పనికిరాదు, అంటే దాదాపు ఒక టీస్పూను. పచ్చళ్లు, అప్పడాల్లోని ఉప్పు కూడా అందులోకే వస్తుంది. ఉప్పు డబ్బాలో కొలత చెంచా పెట్టి ఈ లెక్క చెప్పాక, ఆవకాయ వేసుకునే రోజు పప్పులో ఉప్పు తగ్గిద్దామా అని మా అమ్మాయే అడిగింది.

మీ ఇంట్లోనూ పప్పు, పోపు అబ్బాయికి, ఆకుకూర, అన్నం అమ్మాయికి అప్పగించి, స్టవ్ దగ్గర మీరు తోడుండండి. మొదటి నెలంతా అదే పప్పు చేయించి, ఆకుకూర మాత్రం వారం వారం మార్చండి, వీలైతే రైతుబజారుకు తీసుకెళ్లి వాళ్లనే ఎంచుకోనివ్వండి. ఆ తర్వాత పెసరట్టు మొదలుపెట్టవచ్చు. పెసలు ముందు రాత్రే నానబోయాలని ఒకసారి చెప్పి వదిలేయండి, మళ్లీ గుర్తు చేయకండి.