వైజాగ్ నుంచి కారులోనే పడుకుంటూ, పని చేసుకుంటూ ఊళ్లు తిరగొచ్చా?

భార్యాభర్తలిద్దరికీ వర్క్ ఫ్రం హోమ్, కారులోనే పడుకుంటూ అరకు, పాడేరు, శ్రీకాకుళం తీరం నిదానంగా చుట్టి రావాలని ఉంది, ఉద్యోగాలకు ఇబ్బంది లేకుండా కుదురుతుందా అని కదా అడిగారు. కుదురుతుంది. మావారూ నేనూ చలికాలంలో అలాగే తిరుగుతాం. అందరూ పరుపు గురించీ స్టవ్ గురించీ అడుగుతారు గానీ అసలు తలనొప్పి వాటితో కాదు. ఇద్దరికీ ఒకే టైముకి మీటింగ్ పడితే ఎవరు ఎక్కడ కూర్చోవాలి? ముందు అది తేల్చుకోండి.

బండి ఎంత పెద్దదైనా అందులో రెండు కాల్స్ నడవవు. ఆయన ముందు సీట్లో మాట్లాడే ప్రతి మాటా నా మైకులో పడుతుంది. అందుకే ఆదివారం రాత్రే ఇద్దరి క్యాలెండర్లూ పక్కపక్కన పెట్టుకుని చూసుకుంటాం. ఎవరి కాల్ ముఖ్యమైతే వాళ్లకి కారు. రెండోవాళ్లు చెట్టు కింద కుర్చీ వేసుకోవాలి, లేదా టిఫిన్ హోటల్లో ఓ మూల బల్ల వెతుక్కోవాలి. నాది సాయంత్రం మొదలయ్యే అమెరికా షిఫ్టు, ఆయనది పగటి పని కాబట్టి మాకు చాలావరకు సర్దుకుపోయింది. మీ ఇద్దరిదీ ఒకే షిఫ్టయితే ఒక టెంటు కూడా పడేసుకోండి. పడుకోవడానికి కాదు, రెండో ఆఫీసు గదిగా!

వారం మధ్యలో మాత్రం బండి కదపొద్దు. అరకు మనకి 115 కిలోమీటర్లే గానీ, శృంగవరపుకోట దాటి ఘాట్ ఎక్కాక సిగ్నల్ మలుపు మలుపుకీ పోయి వస్తుంటుంది. ‘దారిలో జాయిన్ అవుతాలే’ అంటే ఆ రోడ్డు మీద జరగదు. మేం శనివారం వెళ్లి, మళ్లీ శనివారం దాకా అక్కడే ఉంటాం. రెండు వేర్వేరు కంపెనీల సిమ్‌లు ఉంచుకుంటాం. ఎక్కడ ఆగినా ముందు ఒక వీడియో కాల్ చేసి చూశాకే సామాను దించుతాం.

కరెంటు లెక్క కూడా వేసుకోండి. ఒక్కో లాప్‌టాప్ 60 వాట్లు తీసుకుంటుందనుకుంటే, రెండిటికీ ఎనిమిది గంటలకి 960 వాట్ అవర్స్ కావాలి. అంటే 500 వాట్ అవర్స్ పవర్ స్టేషన్ (వెంట తీసుకెళ్లే పెద్ద బ్యాటరీ పెట్టె) ఇద్దరికీ సగం రోజుకే సరి. ఇంజన్ ఆపి కారు బ్యాటరీ మీద నడిపితే పొద్దున్న బండి తోయడానికి మనుషుల్ని వెతుక్కోవాలి. మేం మధ్యాహ్నం భోజనం చేసేచోట ప్లగ్ అడుగుతాం, డబ్బిస్తామని ముందే చెప్తాం. కాదన్నవాళ్లు తక్కువ.

రాత్రి ఎక్కడ ఆపాలన్నది నా మటుకు నాకు బాత్రూమ్‌ని బట్టే. మగవాళ్లు ఈ సంగతి ఎందుకో చివర్లో గుర్తుచేసుకుంటారు. అడవిలో రోడ్డు పక్కన ఆపడం మాకు నచ్చదు. చిన్న రిసార్టుల్లోనో గెస్ట్‌హౌసుల్లోనో అడిగితే కొంచెం డబ్బుకి ఆవరణలో బండి పెట్టనిస్తారు, స్నానానికి గది ఇస్తారు. ఏజెన్సీ ఊళ్లలో అయితే ముందు ఊరి పెద్దతో మాట్లాడి ఒప్పించుకోండి. అక్కడ మలేరియా ఉంటుంది కాబట్టి అద్దాలకి దోమల వల కట్టాల్సిందే. చలిగా ఉందనో ఉక్కగా ఉందనో ఇంజన్ ఆన్‌లో ఉంచి, అద్దాలు బిగించుకుని నిద్రపోవద్దు. ఇంజన్ పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసనే రాదు, ప్రాణం పోతుంది. ఇంజన్ ఆపేసి, అద్దాలు కాస్త దించి రగ్గు కప్పుకోండి.

తీరం వైపు డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా బాగుంటుంది. మార్చి దాటితే ఉక్కకి కారులో నిద్ర పట్టదు. అక్టోబరు, నవంబరుల్లో తుపాను భయం. 2014లో హుద్‌హుద్ వచ్చింది అక్టోబరు 12నే కదా. కళింగపట్నం, బారువ బీచ్‌లు మావారికి ప్రాణం, నాకైతే కొండలే ఇష్టం. ఎటు వెళ్లినా ఇసుకలోకి బండి దించకండి, రాత్రి పెద్ద లైట్లు వేయకండి. తీరం బాగుండే ఆ చలి నెలల్లోనే ఆలివ్ రిడ్లే తాబేళ్లు మన ఒడ్డుకొచ్చి గుడ్లు పెడతాయి, వెలుతురు చూస్తే బెదిరిపోతాయి.

ఇంత తంటా ఎందుకంటారేమో. వారాంతాల్లో వంజంగి కొండ మీద జనం తోసుకుంటుంటారు. మనం పాడేరులో మకాం పెట్టుకుంటే ఏ బుధవారమో చీకటితో ఎక్కి, మేఘాలు చూసి, దిగొచ్చి ఇడ్లీ తిని, టైముకి లాగిన్ కావచ్చు.

మొదటిసారికి భీమిలి వైపు ఒక శని, ఆదివారం పడుకుని చూడండి, పడకపోతే గంటలో ఇంటికొచ్చేయొచ్చు. మీ షిఫ్టులు ఏ టైమో, కారు ఏదో చెప్తే సీట్లు మడిచి పడక ఎలా వేసుకోవాలో రాస్తాను.