ఎర్లీలో డిఫర్ అయితే ఆశ వదులుకోవాలా?

మీ అబ్బాయి ఇక్కడ అమెరికాలో ఒక కాలేజీకి నవంబర్ 1కి ఎర్లీ డెసిషన్‌లో (సీటిస్తే తప్పక చేరతామని ఒప్పుకుని ముందుగా వేసేది) వేస్తే ఈ వారం డిఫర్ (ఇప్పుడే తేల్చం, తర్వాత మళ్ళీ చూస్తాం) అని వచ్చిందని, ఇంకా ఆ కాలేజీకే కట్టుబడి ఉండాలా, చేరాలని ఇంకా ఉందని వాళ్ళకి ఉత్తరం రాస్తే ఉపయోగం ఉంటుందా అని అడిగారు. మేం న్యూజెర్సీలో ఉంటాం. రెండేళ్ల క్రితం మా అమ్మాయికీ ఇలాగే వచ్చింది.

మొదటిదానికి జవాబు తేలిక. డిఫర్ అయ్యాక బైండింగ్, అంటే చేరి తీరాలన్న షరతు, ఉండదు. మార్చి చివర్లో సీటిచ్చినా చేరడం మీ ఇష్టం, మే 1 దాకా ఆలోచించుకోవచ్చు. వేరే కాలేజీకి ఈడీ టూ (ఎర్లీ డెసిషన్ రెండో విడత) కూడా వేయొచ్చు. కానీ అది మళ్ళీ బైండింగే. మావారు అదే రాత్రి ఇంకోచోట ఈడీ టూ వేసేద్దామన్నారు. ఫీజు లెక్క చూశాక ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

మనం ఎంసెట్ కౌన్సెలింగ్ చూసి వచ్చినవాళ్ళం. డిఫర్ అనగానే రెండో విడత కౌన్సెలింగ్ లాంటిదనీ, మిగిలిన సీట్లు వరుసలో వస్తాయనీ అనుకుంటాం. ఇక్కడ ర్యాంకూ లేదు, వరుసా లేదు. జనవరిలో మామూలు గడువుకి వేసే రెగ్యులర్ వాళ్ళ ఫైళ్ళతో కలిపి మళ్ళీ చదువుతారు, అంతే. పైగా డిఫర్ విలువ అన్నిచోట్లా ఒకటి కాదు. ఎంఐటీ ఎర్లీలో వేసినవాళ్ళలో సగానికి పైగా డిఫర్ అవుతారు. స్టాన్‌ఫర్డ్ కొద్దిమందినే డిఫర్ చేస్తుంది. మీ కాలేజీ సంగతేమిటో కనుక్కుంటే ఎంత ఆశ పెట్టుకోవచ్చో తెలుస్తుంది.

ఇక ఉత్తరం. ముందు కాలేజీ దరఖాస్తు పోర్టల్లో ఏం రాశారో చదవమనండి. కొన్ని కాలేజీలు అసలు పంపొద్దంటాయి, కొన్ని ఒక ఫారం ఇస్తాయి. పంపొచ్చంటే ఒక్క పేజీ చాలు. అది అబ్బాయే రాయాలి, మీరు కాదు. మా అమ్మాయి మొదట రాసిందంతా ఆ కాలేజీ అంటే ఎంత ఇష్టమో. స్కూల్ కౌన్సెలర్ అది చూసి, ఇష్టం రెండు వాక్యాల్లో చెప్పి, నవంబర్ తర్వాత కొత్తగా ఏం జరిగిందో రాయమంది. అప్పుడే తనకి ఈఎంటీ (అంబులెన్స్‌లో అత్యవసర చికిత్స చేసేవాళ్ళ) సర్టిఫికెట్ వచ్చింది, మా ఊరి అంబులెన్స్ స్క్వాడ్‌లో వారాంతం డ్యూటీలకు వెళ్తోంది. ఉత్తరం నిండా అదే రాసింది. మనవాళ్ళ సంఘం పెద్దమనుషుల దగ్గర సిఫారసు లెటర్లు మాత్రం తేకండి. అబ్బాయి గురించి వాళ్ళకేం తెలుసని!

ఉత్తరం కన్నా బరువైనది మార్కులు. మొదటి సెమిస్టర్ గ్రేడ్లు మిడ్ ఇయర్ రిపోర్టులో కౌన్సెలర్ ద్వారా వెళ్తాయి. దిగులుతో పిల్లలు చదువు వదిలేసేది సరిగ్గా ఇప్పుడే. మా ఇంట్లో బంధువుల ఫోన్లతో ఇంకా టెన్షన్ పెరిగింది. చివరికి ఎవరడిగినా “మార్చిలో తెలుస్తుంది” అని నేనే చెప్పి పెట్టేసేదాన్ని.

మార్చిలో ఆ కాలేజీ లేదనే చెప్పింది. ఉత్తరం బాగానే రాసింది, అయినా రాలేదు. ఇప్పుడు మా రాష్ట్రంలోని రట్గర్స్ యూనివర్సిటీలో చదువుతోంది. క్రిస్మస్ సెలవుల్లో ఏడుపుమొహంతోనే కూర్చుని మిగతా కాలేజీల వ్యాసాలు పూర్తిచేసింది కాబట్టి మార్చిలో ఎంచుకోవడానికి నాలుగైదు చోట్లయినా ఉన్నాయి.

మీ అబ్బాయి ఇంకెన్నిచోట్ల వేశాడో మీరు రాయలేదు. చాలా కాలేజీల రెగ్యులర్ గడువు జనవరి 1 నుంచి 5 లోపే. ఉత్తరం ఆ తర్వాత రాసుకోవచ్చు, ముందు ఆ పని చూడమనండి.